సవరణ: 'హావ్ ఎ సిగార్' పాడింది రాయ్ హార్పర్

బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ 'విష్ యు వర్ హియర్' (1975) మళ్లీ వింటున్నానని మొన్న రాసిన పోస్టులో 'హావ్ ఎ సిగార్' పాటలో గొంతు బ్యాండ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్‌ది అని ఉంది. అది ఇంగ్లీష్ ఫోక్ గాయకుడు రాయ్ హార్పర్‌ది. పాట రాసింది బ్యాండ్‌లోని రోజర్ వాటర్స్, కానీ అప్పటికే అదే ఆల్బమ్‌లోని 'షైన్ ఆన్' పాడి అతని గొంతు అలిసిపోయింది, గిల్మోర్ పాడనన్నాడు, అదే సమయంలో లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియో‌లోనే హార్పర్ తన ఆల్బమ్ రికార్డింగ్‌లో ఉండటంతో అతన్ని పిలిచి పాడించారు. ఇది చిన్న విషయం కాదు, ఆ పాటలో మ్యూజిక్ కంపెనీ పెద్దమనిషి పలికే తియ్యటి మాటలు బయటివాడి గొంతులో రావడం వల్లే అంత బాగా పండాయని నా నమ్మకం.

మిగతాదంతా అలాగే ఉంచుతున్నాను. ముఖ్యంగా ఆ పాట చివర్లో సౌండ్ ఒక్కసారిగా చిక్కిపోయి పాత రేడియోలోంచి వస్తున్నట్టు మారడం, స్టేషన్లు తిప్పుతున్న గరగర, ఆ వెనకే పన్నెండు తీగల గిటార్... బీచ్ రోడ్డులో నడుస్తూ వింటే కెరటాల హోరుకి ఇదంతా కొట్టుకుపోతుంది. రాత్రి ఇంట్లో, ఫ్యాన్ ఆపేసి, మంచి హెడ్‌ఫోన్స్‌తో వినండి.

హార్పర్ పేరు పట్టుకుని ఇప్పుడు అతని 'స్టార్మ్‌కాక్' (1971) వింటున్నాను. నాలుగే పాటలు, అన్నీ పొడుగువే. 'ద సేమ్ ఓల్డ్ రాక్'లో గిటార్ లెడ్ జెపెలిన్ బ్యాండ్ గిటారిస్టు జిమ్మీ పేజ్ మారుపేరుతో వాయించాడు. లెడ్ జెపెలిన్ మూడో ఆల్బమ్ ఇష్టపడే వైజాగ్ మిత్రులు ముందు ఈ పాటే పెట్టుకోండి.