అమెరికా గవర్నర్ కుర్చీ గారికి ఓ మనవి

అయ్యా కుర్చీ గారూ,

మా దగ్గర గవర్నర్ అంటే 2025 దాకా రాజ్‌భవన్ అనిపించుకున్న లోక్‌భవన్‌లో ఉండే పెద్దమనిషి. ఢిల్లీ నుంచి కబురొస్తే వస్తారు, మళ్లీ కబురొస్తే వెళ్తారు. అదృష్టం బాగుంటే 2017లో బిహార్ గవర్నర్ కోవింద్ గారిలా తిన్నగా రాష్ట్రపతి భవన్‌కే వెళ్తారు. మీవాళ్లది ఆ యోగం కాదు. ఓట్లడిగి గెలవాలి, బడ్జెట్ పెట్టాలి, మంచు కురిస్తే రోడ్లు ఊడ్పించాలి. మా లెక్కలో ముఖ్యమంత్రులే.

ఒకప్పుడు మీ జాతకం వెలిగిపోయింది. 1976 నుంచి 2004 దాకా ఎనిమిది అధ్యక్ష ఎన్నికలు జరిగితే ఏడింట్లో మీమీద కూర్చుని లేచినవాళ్లే గెలిచారు. కార్టర్, రీగన్, క్లింటన్, చిన్న బుష్. వాటర్‌గేట్ కుంభకోణం (అధ్యక్షుడు నిక్సన్ గద్దె దిగిన గొడవ) కంపు ఇంకా పోని రోజుల్లో, జార్జియా వేరుశనగ రైతు కార్టర్‌కి ‘నాకు వాషింగ్టన్ గాలి సోకలేదు’ అన్న ఒక్క ముక్కే పెట్టుబడి.

ఆ తర్వాత మీకు బోణీ లేదు. 2016లో ఫ్లోరిడా మాజీ గవర్నర్ జెబ్ బుష్ కోసం అభిమానులు పది కోట్ల డాలర్లకు పైగా పోగేస్తే, పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే డెలిగేట్లలో దక్కింది నలుగురు. టీవీ షోలో జనాన్ని ఉద్యోగాల్లోంచి పీకేసే ట్రంప్ మీ ముఖమైనా చూడకుండా అధ్యక్షుడైపోయాడు. 2024కి అదే ఫ్లోరిడా నుంచి డిశాంటిస్ వచ్చి పార్టీ అభ్యర్థి కోసం మొదట ఓటేసే అయోవా రాష్ట్రంలోని 99 కౌంటీలూ (మన జిల్లాల్లాంటివి) కాళ్లరిగేలా తిరిగాడు. ట్రంప్ అంత తిరగలేదు. దాదాపు 30 పాయింట్ల తేడాతో గెలిచాడంతే.

నాకు మాత్రం అదే పోటీకి దిగిన నార్త్ డకోటా గవర్నర్ బర్గమ్ అంటేనే ముచ్చట. డిబేట్ స్టేజీ ఎక్కాలంటే 40 వేలమంది దాతలుండాలన్నారు. ఒక్క డాలర్ చందా ఇస్తే 20 డాలర్ల గిఫ్ట్ కార్డు ఇస్తానన్నాడు, ఎక్కేశాడు! ఓటుకు నోటు మాకు తెలుసు. చందాకు నోటు కనిపెట్టింది ఆయనే.

పోనీ ఓడినవాళ్లు వీధినపడ్డారా అంటే, అదీ లేదు. టెక్సస్ గవర్నర్ పెర్రీ 2011 డిబేట్‌లో, రద్దు చేస్తానన్న మూడు శాఖల్లో మూడోదాని పేరు మర్చిపోయి ‘ఊప్స్’ అన్నాడు. 2017లో ఆ ఇంధన శాఖకే మంత్రయ్యాడు. బర్గమ్ కూడా 2025లో కేబినెట్‌లో చేరాడు. కాబట్టి మీ వెనక తగిలించిన ‘వైట్‌హౌస్‌కు దారి’ బోర్డు తీయించి, ‘మంత్రి పదవులకు దరఖాస్తులు ఇక్కడ’ అని రాయించండి.

కాలిఫోర్నియా న్యూసమ్‌కి పాలన కన్నా తమాషాకే గిరాకీ అన్న కిటుకు అర్థమైనట్టుంది. 2025లో ఆయన ప్రెస్ ఆఫీసు ట్రంప్ ఫక్కీలోనే అన్నీ పెద్దక్షరాలతో అరుస్తూ పోస్టులు పెట్టింది. అంతకుముందు ఆయన పెట్టిన బడ్జెట్లన్నిటికీ కలిపి రాని చప్పట్లు వాటికొచ్చాయి.

ఇట్లు,
ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మీ శ్రేయోభిలాషి