మెరుపుల ఫొటోల మెసేజ్ పంపేముందు ఒక్కసారి ఇది చదవండి

"మెరుపుల ఫొటోలు అదిరిపోవాలంటే అయిదు చిట్కాలు" అని ఒక మెసేజ్, మొగులైతే చాలు ఎవరో ఒకరు పంపుతనే ఉన్నరు. ఇగ ఊకుంటే లాభం లేదని రాస్తున్న.

ఫ్లాష్ వేయమన్నరు. ఆ వెలుగు నాలుగు గజాలు దాటదు, మబ్బేమో కిలోమీటర్ల అవతల ఉంటది. బంద్ పెట్టండి, అంతే.

మెరుపు కనవడంగనే బటన్ నొక్కాలట. నొక్కేలోపే అది అయిపోతది. రాత్రిపూట కెమెరాను స్టాండ్ మీద పెట్టి ఐఎస్ఓ (వెలుతురు పట్టే సెట్టింగు) 100, ఎఫ్8 (లెన్స్ రంధ్రం సైజు), షట్టర్ 10-15 సెకండ్లు తెరిచి ఉండేటట్టు పెట్టుకొని, దూరపు లైటు మీద ఫోకస్ లాక్ చేసి వరుసగా తీసుకుంట పోవాలె, ఏదో ఒక దాంట్ల పడ్తది.

అసలు కడుపు మండేది మూడోది, నాలుగోది చదివితే. "వాన షురూ అయ్యేదాంక భయం లేదు, చెరువు కట్ట మీదనో గుట్ట మీదనో నిలబడి తీయండి, చినుకులు పడితే చెట్టు కిందికి పోండి, రబ్బరు చెప్పులుంటే ఏం కాదు" అట! ఏప్రిల్, మే నెలల్ల సాయంత్రం గాలి దుమారం లేస్తే మా వరంగల్ భద్రకాళి చెరువు కట్ట మీద, పద్మాక్షి గుట్ట మీద పిల్లలు ఫోన్లు పట్టుకొని నిలబడ్తరు, వాళ్ళకు చెప్పే మాటనా ఇది? వాన పడే చోటికి 10 కిలోమీటర్ల అవతల కూడా పిడుగు పడ్తది. మెరుపుకు ఉరుముకు నడుమ లెక్కపెట్టండి, 3 సెకండ్లకు ఒక కిలోమీటరు, 30 సెకండ్ల లోపు ఉరుము వినిపిస్తే లోపలికి ఉరకాలె. చెట్టు మీద పడ్డ పిడుగు మొద్దు నుంచి పక్కన నిలబడ్డ మనిషి మీదికి దుంకుతది, తడి నేలల కూడా పాకుతది. చెట్టు కింద నిలబడ్డ రైతులు, గొర్లకాపర్లు పోయిన వార్తలు ఏటేటా చూస్తలేమా? కిలోమీటర్ల గాలిని చీల్చుకొని వచ్చేదాన్ని అంగుళం మందం లేని చెప్పు ఆపుతదా, జర ఆలోచించి రాయొద్దా!

తీయాలంటే పక్కా ఇంట్ల కిటికీ మూసి అద్దంల నుంచి తీయండి, లేకుంటే ఇనుప టాపున్న కార్ల అద్దాలెక్కించి కూసోండి. రేకుల షెడ్డు, రెండు చక్రాల బండి పనికిరావు. ఆఖరి ఉరుము విన్నంక 30 నిమిషాలు ఆగి బయటికి రావాలె. పూణెల ఉన్న వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎమ్ వాళ్ళ దామిని యాప్ ఫోన్ల పెట్టుకుంటే దగ్గర్ల పిడుగులున్నయా అని తెలుస్తది.

అయిదోది, "పెద్ద కెమెరా అక్కర్లేదు, ఫోన్ చాలు" అన్నది మాత్రం నిజం, కెమెరా మోసే నేనే ఒప్పుకుంటున్న. వీడియో తీసి ఒక్కో ఫ్రేమ్ జరుపుకుంట పోతే మెరుపు కొమ్మలు విచ్చుకున్న ఫ్రేమ్ ఒక్కటన్నా దొరుకుతది. వాన వెళ్ళిపోయినంక పొద్దుగూకే ఎండ తూర్పు మబ్బు మీద పడ్డప్పుడు, మబ్బు అడుగున పొదుగుల్లెక్క వేలాడే గడ్డలు ఫోన్లనే మస్తుగ వస్తయి. పంపాలనుకుంటే ఈ ఒక్క పాయింట్ పంపండి, చెట్టు ముచ్చట తీసేయండి.