ఎవరు ఎవరికి బాకీ

ఏడాది చివరికి వచ్చేసరికి ప్రతి ఇంట్లోనూ ఒక కీలకమైన శాఖ నిద్ర లేస్తుంది. దాని పేరు గ్రీటింగ్ కార్డుల జాబితా. చూడ్డానికి నాలుగు పేర్లూ చిరునామాలూ ఉన్న కాగితమే. శుభాకాంక్షలు చెప్పుకోడానికి పెట్టుకున్న ఏర్పాటని అమాయకులు అనుకుంటారు. ఒక్కసారి దాన్ని నడిపి చూసినవాళ్లకి తెలుస్తుంది, అది పద్దుల పుస్తకం. ఎడమవైపు మనం పంపినవి, కుడివైపు మనకి వచ్చినవి. రెండూ సరిపోకపోతే ఆ రాత్రి నిద్ర పట్టదు.

మా ఇంట్లో ఈ శాఖకి ఇరవై ఏళ్లుగా నేనే కార్యదర్శిని. జీతం లేదు, సెలవుల్లేవు, మాటలు పడటం మాత్రం ఉంది. రికార్డంతా అట్ట ఊడిన ఒక డైరీలో ఉండేది. అందులో మా బాబాయి కొడుకు చిరునామా ఏడుసార్లు మారింది. మొదటిది ఇంకుతో నీటుగా ఉంటుంది. తర్వాతవన్నీ పెన్సిల్. వీడు ఎక్కడా కుదురుగా ఉండడని అప్పటికే నాకు అర్థమైపోయింది. చివరిది పేజీ అంచున నిలువుగా ఉంది, చదవాలంటే డైరీనైనా తిప్పాలి, మెడనైనా తిప్పాలి. ఒకచోట భార్య పేరు కొట్టేసి, పక్కనే మళ్లీ అదే పేరు రాసి ఉంది. ఆ రెంటి మధ్యా ఏం జరిగిందో నేను అడగలేదు. అది మా శాఖ పరిధిలోకి రాదు.

ఈ తలనొప్పి మనకి అంటించిన పెద్దమనిషి లండన్ వాసి, పేరు హెన్రీ కోల్. బ్రిటన్‌లో 1840లో ఒక్క పెన్నీకే ఉత్తరం పంపే పద్ధతి రావడానికి తపాలా సంస్కర్త రోలాండ్ హిల్‌తో కలిసి ఆయన కూడా గట్టిగా పాటుపడ్డాడు. తపాలా చవకైంది. జనం ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. ఆ ఉత్తరాలు వచ్చి ఆయన బల్లమీదే కుప్ప పడ్డాయి. అన్నిటికీ జవాబు రాసే ఓపిక లేక, 1843లో జాన్ కాల్కాట్ హార్స్లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ వేయించి సుమారు వెయ్యి క్రిస్మస్ కార్డులు అచ్చు కొట్టించాడు. ఎవరికి అన్నచోట ఒక ఖాళీ, ఎవరి నుంచి అన్నచోట ఇంకో ఖాళీ. ఆప్యాయత మాత్రం ముందే అచ్చయిపోయి ఉంది. ఆ బొమ్మలో చిన్నపిల్లకి వైన్ పట్టిస్తున్నారని మద్యపాన వ్యతిరేకులు గొడవ చేశారు. నా గొడవ అది కాదు. ఆ ఖాళీలో ఎవరి పేరు రాయాలి, ఎవరి పేరు మానేయాలి అన్న అసలు సంగతి తేల్చకుండానే ఆయన తప్పుకున్నాడు.

మొన్నామధ్య మా అమ్మాయి ఆ డైరీ చూసి, "నాన్నా, దీన్ని మ్యూజియంకి ఇచ్చెయ్" అని మొత్తం కంప్యూటర్లో గళ్ల పట్టికగా ఉండే స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించింది. సంస్కరణ అన్నాక ఇబ్బందులు తప్పవు. బోస్టన్‌లో మా మేనల్లుడున్నాడు. మన పిన్ కోడ్ లాంటి అక్కడి జిప్ కోడ్ సున్నాతో మొదలవుతుంది. స్ప్రెడ్‌షీట్‌కి అది కోడ్ అని తెలీదు, అంకె అనుకుంటుంది. అంకెకి ముందున్న సున్నా ఎందుకూ పనికిరాదని మింగేస్తుంది. ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చాకే కోడ్ ఎక్కించాలని ఈలోగా మా శాఖ సర్క్యులర్ జారీ చేసింది.

అంతకన్నా పెద్ద ప్రమాదం, జాబితాలోని చిరునామాల్ని లేబుళ్ల మీదికి ఎక్కించే మెయిల్ మెర్జ్‌లో జరిగింది. జాబితాలో 'రిమార్కులు' అని ఒక కాలమ్ పెట్టుకున్నాను, పూర్తిగా అంతర్గత వ్యవహారం. లేబుళ్లు ప్రింట్ చేసేటప్పుడు అది కూడా చిరునామాతో పాటు బయటికొచ్చేసింది. చూసుకోకుండా అతికించేశాం. మా పెద్దత్తయ్యకి వెళ్లిన కవరు మీద పేరు, దాని కింద 'పంపకపోతే అలుగుతుంది', దాని కింద వీధి పేరు. వారం తర్వాత ఆవిడే ఫోన్ చేసింది. "అందింది నాయనా. చిరునామా సరిగ్గానే రాశావు."

శాస్త్రవేత్తలు కూడా ఈ రంగాన్ని వదల్లేదు. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో రస్సెల్ హిల్, రాబిన్ డన్‌బార్ అనే ఇద్దరు బ్రిటన్‌లో జనం పంపే క్రిస్మస్ కార్డులు లెక్కపెట్టారు. ఒక్కో ఇంటి కార్డులు అందుకునే కుటుంబాల్లోని మనుషులందరినీ కలిపితే గరిష్ఠ సంఖ్య సగటున 153.5 తేలింది. నూట యాభై ముగ్గురు సరే, ఆ అర మనిషి ఎవరు? మా జాబితాలో వెంటనే దొరికాడు. ఒక ఏడాది కార్డు పంపి, మరుసటి ఏడాది ఎగ్గొట్టే మా తోడల్లుడు.

జాబితా పెరగకూడదని రెండేళ్ల నియమం పెట్టాను. వరసగా రెండేళ్లు కార్డు పంపనివారి పేరు తీసేయాలి. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ మీరు పేరు కొట్టేసిన మర్నాడే ఆ మనిషి దగ్గర్నుంచి కార్డొస్తుంది, "మిమ్మల్ని రోజూ తలుచుకుంటున్నాం" అంటూ. వెంటనే పరుగెత్తి కార్డు కొని, ఆలస్యమైనట్టు కనపడకుండా వారం వెనక్కి తేదీ వేసి పంపాలి. దాని మీద పడే పోస్టాఫీసు ముద్ర మాత్రం మన మాట వినదు.

పోయినవాళ్ల వరసల్ని తొలగించడం నాకు చేతకాలేదు. బూడిద రంగు వేసి కిందికి జరిపాను. "ఫిల్టర్ పెడితే కనపడవు నాన్నా" అంది అమ్మాయి. వద్దన్నాను.

వచ్చిన కార్డుకి జవాబు పంపకుండా ఉండలేకపోవడం నా ఒక్కడి జబ్బు కాదు. అమెరికాలో ఫిలిప్ కుంజ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970లలో ముక్కూమొహం తెలియని వందల మందికి క్రిస్మస్ కార్డులు పంపి చూశాడు. వంద మందికి పైగా బుద్ధిగా తిరిగి పంపారు. ఆయనెవరో తెలీదు, కానీ బాకీ బాకీయే కదా.

ఇదంతా చదివి నవ్వుకున్నాను గానీ, మొన్న మాకూ ఒక కార్డొచ్చింది. కవరు మీద మా ఇంటి చిరునామా తప్పుల్లేకుండా ఉంది. లోపల సంతకం ముగ్గులా తిరిగి చివర్లో ఒక చుక్కతో ఆగింది. పంపినవాళ్ల చిరునామా లేదు. తపాలా ముద్ర సిరా అలుక్కుపోయింది. మా ఆవిడ భూతద్దం తెచ్చి సంతకాన్ని రెండువైపుల నుంచీ చదివింది. "మీ వైపు వాళ్లేనండీ" అని తేల్చేసింది. నేను చూస్తే వాళ్ల వైపు రాతలాగే ఉంది.

చివరికి జాబితాలో కొత్త వరస తెరిచాను. పేరు దగ్గర ఖాళీ, చిరునామా దగ్గర ఖాళీ. 'వచ్చింది' అన్నచోట టిక్కు పెట్టాను. 'పంపాం' అన్న గడి దగ్గర కర్సర్ ఇంకా మిణుకు మిణుకుమంటూనే ఉంది.