కృప ఉచితం, సీసా రెండొందలు

వరి కోతలైపోయాక డెల్టాలో ఖాళీ చేలల్లోకి దిగేవి మూడు: కొంగలు, కోడిపందేల బరులు, స్వస్థత మహాసభలు. బరుల గురించి పత్రికలు ఏటా రాస్తాయి. కొంగల జోలికి ఎవరూ పోరు. మూడోదాని గురించి రాస్తే పాపమంటారు కాబట్టి భయభక్తులతోనే మొదలుపెడదాం.

సభతో పేచీ లేదు. పాటలు బాగుంటాయి, పప్పుచారు అంతకన్నా బాగుంటుంది. పేచీ అంతా గేటు పక్కన వేసిన బల్లతో. బల్ల మీద పెద్ద అక్షరాల్లో ‘అభిషేక తైలం’, కింద చిన్న అక్షరాల్లో ‘కానుక రూ. 200’. 50 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసా, ఎర్ర మూత, చుట్టూ దైవజనుడి ఫొటో. క్రీస్తు ఊసు లేదు. చోటు చాలలేదు కాబోలు.

ఆ ‘కానుక’ దగ్గర కాస్త ఆగాలి. కానుకంటే ఇచ్చేవాడి ఇష్టం కదా అని 180 ఇచ్చి చూడండి. “అయ్యగారు ఒప్పుకోరండీ, ఇంకో ఇరవై” అంటాడు బల్ల వెనక కుర్రాడు, పాపం మర్యాదగానే. 500 నోటిస్తే 300 చేతిలో పెడతాడు. కానుకకి చిల్లర తిరిగివ్వడం రెండు వేల ఏళ్ల సంఘ చరిత్రలో చిన్న సంస్కరణేమీ కాదు. పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకున్నందుకు అపొస్తలుల కాలంలో అననీయ, సప్పీరా అనే దంపతులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈ బల్ల దగ్గరకొచ్చి ఉంటే చిల్లర లెక్కపెట్టుకుని ఆటోలో ఇంటికెళ్లేవారు.

ఇలాంటి బల్లే ఒకటి జర్మనీలో వేశారు. టెట్జెల్ అనే సన్యాసి పాపశిక్ష తగ్గింపు పత్రాలు అమ్ముకుంటూ తిరిగాడు. వసూళ్లలో కొంత రోములో సెయింట్ పీటర్స్ గుడి కట్టడానికి, కొంత ఆర్చిబిషప్ ఆల్బ్రెక్ట్ అప్పు తీర్చడానికి. దాని మీదే మార్టిన్ లూథర్ అనే మరో సన్యాసి 1517 అక్టోబరు 31న 95 వాదాలు బయటపెట్టాడు. పెట్టెలో నాణెం మోగగానే చనిపోయినవాడి ఆత్మ పాపశిక్ష నుంచి ఎగిరిపోతుందనడం మనుషుల కల్పన అని 27వది. నిజంగా పశ్చాత్తాపపడినవాడికి పత్రం లేకపోయినా క్షమాపణ పూర్తిగా ఉంది అని 36వది. ఇక్కడ టెట్జెల్ పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయం. డబ్బు లేనివాళ్లు ప్రార్థన, ఉపవాసం చేస్తే చాలని ఆ అమ్మకాల నియమాల్లోనే రాసుంది. మన బల్ల మీద ఆ పాటి వెసులుబాటు కూడా లేదు. ఉపవాసం ఉండి వెళ్లినా 200.

అంతదూరం ఎందుకు, నర్సాపురం చాలదూ? కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలైంది. దానికి పదకొండేళ్ల ముందే, 1836లో, ఆంటొనీ గ్రోవ్స్ అనే మిషనరీ వెంట బౌడెన్, బీర్ దంపతులు ఇంగ్లండు నుంచి వచ్చి ఈ డెల్టాలో సువార్త పనికి పునాది వేశారు. జీతం ఒప్పుకోకూడదు, చందా అడగకూడదు, అవసరం దేవుడికి మాత్రమే చెప్పుకోవాలి: ఇదీ వాళ్ల పద్ధతి. అడగకూడదన్న నియమంతో మొదలైన నేల మీద ఇప్పుడు క్యూఆర్ కోడ్ నిలబెట్టారు.

సువార్త విశ్వాసానికి నాలుగు కాళ్లని 1989లో డేవిడ్ బెబింగ్టన్ అనే చరిత్రకారుడు లెక్క తేల్చాడు: బైబిలే ప్రమాణం, సిలువే కేంద్రం, మారుమనస్సు తప్పనిసరి, విశ్వాసం పనిలో కనబడాలి. మనవాళ్లు ఐదో కాలు అమర్చారు. అది ప్లాస్టిక్‌ది. నాలుగింట్లో సిలువే అసలైన కాలనుకుంటే, ఆ సిలువ మీద ‘సమాప్తమైనది’ అన్నాడు యేసు. చెల్లించాల్సిందంతా ఆయనే చెల్లించాడు, మనిషి కలపాల్సింది పైసా కూడా లేదని దానర్థం. బల్ల దగ్గర ఆ మాట మొదటి రాత్రి తొమ్మిదింటికి వినబడుతుంది, స్టాకు అయిపోయినప్పుడు. వెంటనే వ్యానులోంచి ఇంకో అట్టపెట్టె లేస్తుంది. మూడో దినం దాకా ఆగే ఓపిక ఎవరికుంది?

‘మోషేకి దేవుడిచ్చిన పాళ్లతో తయారైనది’ అని సీసా మీదుంది. పాళ్లు నిర్గమకాండం 30వ అధ్యాయంలో ఉన్న మాట నిజమే. గోపరసం 500 తులాలు, దాల్చిన 250, సువాసన గడ్డి 250, లవంగిపట్ట 500, వాటికి ఒలీవ నూనె. ఇది 23, 24 వచనాలు. చదివినవాడు ఇంకో తొమ్మిది వచనాలు ఓపిక పట్టి ఉంటే బాగుండేది. అలాంటి తైలం ఇంకెవడైనా కలిపితే, పరాయివాడి మీద పోస్తే, వాణ్ణి ప్రజల్లోంచి కొట్టివేయాలని 33వ వచనం. అంటే సీసాలో ఉన్నది ఆ తైలం కాకపోతే మోసం, ఆ తైలమే అయితే శిక్ష. మోసమే అయ్యుండాలని కోరుకుందాం, వాళ్ల క్షేమం కోసం.

తేల్చుకోవడం తేలిక. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల కింద పేరుకుంటుంది. పుష్యమాసపు తెల్లవారుజామున సీసా గట్టున పెట్టండి. తెల్లగా గడ్డకడితే అది యెరూషలేము ఒలీవ కాదు, అంబాజీపేట కొబ్బరి. గడ్డకట్టకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి. ఒలీవ అయితే కొన్ని గంటలకు మసకబారి చిక్కబడుతుంది. అప్పటికీ పలచగా, గాజులా మెరుస్తుంటే అత్తరు కలిపిన లిక్విడ్ పారఫిన్, అంటే పెట్రోలియం నుంచి తీసే నూనె, కావచ్చు. లేబుల్ చూసి చెప్పలేం. కిరాణా కొట్లో ఏ నూనె ప్యాకెట్ మీదైనా ధర, తూకం, తయారీ నెల, చిరునామా ఉంటాయి. ఈ సీసా మీద వాటి బదులు ఉన్నది చిరునవ్వు ఒక్కటే.

యాకోబు పత్రికలో నూనె లేదా అంటారు. ఉంది, 5వ అధ్యాయంలో. రోగి సంఘపు పెద్దల్ని పిలిపించుకోవాలి, వాళ్లు ఇంటికొచ్చి నూనె రాసి ప్రార్థన చేయాలి. నడవాల్సింది పెద్దలు. నూనె కూడా వాళ్లదే. దీన్ని తిరగేసి, రోగిని నడిపించి, నూనె రోగి చేతే కొనిపించారు. వ్యాఖ్యానం అంటే ఇదీ.

సీసాతో వాడకపు కాగితం ఇస్తారు. గుమ్మానికి మూడు చుక్కలు, గల్లాపెట్టెకి రెండు, కువైట్ వీసా కాగితం మీద ఒకటి, మరక పడకుండా. రొయ్యల చెరువుకి మాత్రం ఎకరానికి ఒక సీసా.

ఈ చెరువు అభిషేకం కళ్లారా చూడవలసిన ఘట్టం. భీమవరం చుట్టుపక్కల ఏదో ఒక చెరువు, పంట అరవయ్యో రోజు. రొయ్య మేత మానేసి గట్టువారకి చేరుతోంది, తలపెంకు మీద తెల్లచుక్కలు. సీడుకి (రొయ్యపిల్లలకి) వైరస్ ఉందో లేదో చెప్పే పీసీఆర్ పరీక్ష చేయించకుండా వేశారు, పీతలు రాకుండా చుట్టూ కంచె లేదు, కొంగలకి అడ్డంగా పైన తాళ్లు లేవు. తెల్లమచ్చ వైరస్‌కి మందు లేదు, ముందుజాగ్రత్తే ఉంది, అది దాటిపోయింది. కాబట్టి తెల్లవారుజామున నాలుగింటికి అయ్యగారి కారు గట్టెక్కుతుంది. మైకు పెడతారు. నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్ల రొదలో వాక్యం వినబడటం లేదని అన్నీ ఆపించేస్తారు. రాత్రంతా చెరువులో నాచు కూడా ప్రాణవాయువు తినేస్తుంది కనుక ఇరవైనాలుగు గంటల్లో ఏరియేటర్ ఆపకూడని వేళ అదే. నీళ్లలో ప్రాణవాయువు లీటరుకి 4 మిల్లీగ్రాముల కింద పడిందంటే ప్రమాదం. నలభై నిమిషాల ప్రార్థన. నాలుగు మూలలా నూనె. రొయ్యకి తల మీద చెయ్యి పెట్టాలంటే ఎక్కడ పెట్టాలన్న చర్చ కొంతసేపు. రెక్కలూ పొలుసులూ లేని నీటిప్రాణి హేయమని లేవీయకాండం 11వ అధ్యాయంలో చెప్పింది ఆ మోషేయే, కానీ ఆ వేళప్పుడు ఆ సంగతి ఎత్తేవాడు ఎవడు? చివరి ఆమేన్‌కి రొయ్యలన్నీ బిలబిలమంటూ నీటి పైకి తేలతాయి, ఊపిరాడక.

“చూశారా, స్తుతించడానికి లేచాయి!”

ఆయ్, లేచాయండి. మళ్లీ దిగలేదు.

రొయ్య పోతే అప్పు మిగులుతుంది. ఇదే సీసా మనుషులకీ ఇస్తున్నారు. క్షయకి మందులు ఆరు నెలలు వాడాలి, మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత నాలుగు నెలలు మూడు. నెల తిరక్కుండానే చాలామందికి జ్వరం దిగి ఆకలి పుడుతుంది. క్రిమి మాత్రం ఊపిరితిత్తుల్లోనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే సభ వస్తుంది. వేదికెక్కించి, చేతికి మైకిచ్చి, మందులు మానేశానని సాక్ష్యం చెప్పిస్తారు. చప్పట్లు. సగంలో వదిలేసిన మందుకి లొంగని క్రిమి తయారై తిరగబెడుతుంది, ఇంట్లో పిల్లలకీ అంటుకుంటుంది. మరుసటేడు ఆ మనిషి సభకి రాడు. ఎందుకు రాలేదని అతని భార్యే వెళ్లి చెబితే వచ్చే జవాబు: “విశ్వాసం చాల్లేదమ్మా.”

ఎవరి విశ్వాసం చాల్లేదు? తనతో తిరిగిన త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో వదిలి వచ్చానని రాసుకున్నాడు పౌలు. తిమోతి కడుపునొప్పికి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు, నూనె సీసా పంపలేదు. తన ఒంట్లో ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకుంటే నా కృప నీకు చాలు అన్న జవాబే వచ్చింది. పౌలుకీ విశ్వాసం చాల్లేదా? పసుపుతాడు తెగిన మనిషి ముందు నిలబడి ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందిరా? ఆ మందులు సర్కారు ఆసుపత్రిలో ఉచితం. కృప ఉచితమని పాడేది మీరే. ఉచితమైన మందు మాన్పించి, ఉచితమైన కృపకి రేటు కట్టి, రెండింటి మధ్యా నిలబడి 200 గుంజుకోమని నీకు చెప్పిందెవరు? మధ్యవర్తి ఒక్కడేనని తిమోతికి రాసిన మొదటి పత్రికలోనే ఉంది, అది నువ్వు కాదు.

క్షయ, మధుమేహం, కాన్సరు మంత్రతంత్రాలతో నయమవుతాయని ప్రకటన ఇస్తే మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు అని 1954 నుంచీ చట్టం ఉంది. ఫ్లెక్సీ చదవడం వచ్చిన పోలీసు ఒక్కడు చాలు.

ఇప్పటికే కొన్నవాళ్లు సీసా పారేయకండి. గడ్డకట్టిన రకమైతే తలకి రాసుకోండి, జుట్టుకి మంచిదే. పారఫిన్ అయితే తలుపు బందులకి రెండు చుక్కలు వేస్తే కిర్రుమనడం ఆగుతుంది. ఒలీవ అయితే మాత్రం కబురు చెయ్యండి, చూడ్డానికి ఊరంతా వస్తాం.