తలుగు గారికి, బొబ్బలెక్కిన చేత్తో

గౌరవనీయులైన పచ్చరంగు నైలాన్ తలుగు గారికి,

ఆంధ్ర దిక్కు మిమ్మల్ని పలుపు అంటరు, మా పాలమూరు దిక్కు తలుగు అంటం, సంతల అమ్మేటాయన మాత్రం "పదేండ్లు గ్యారంటీ" అంటడు. ఆ పదేండ్లు ఎంత దూరం నడిచినయో చెప్తా వినుర్రి: శనివారం పెబ్బేరు సంతల బయలెల్లినయి, వనపర్తి రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లకు అయిపోయినయి.

నేను బావమరిది ఇంట్ల దావత్‌కు పోతున్న. ఆ ఇంట్ల మటన్ ఒంటిగంట దాటితే ఎముకలే మిగులుతయి, అది మీకు తెల్వదు, తెల్వాల్సిన పని లేదు. ముంగట ట్రాలీ ఆటో స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరింది, మీ ముడి సుతారంగ జారింది, లక్షా పదివేల బర్రె రోడ్డు మీదికి దిగింది. ఎనక ఒక పెద్దాయన, ఎర్ర తువ్వాల, ఒక్క కాలికే చెప్పు, ఉరుక్కుంట వచ్చి మీ కొస నా చేతుల పెట్టి "తమ్మీ, జర పట్టు, ఒక్క నిమిషం, నేను ముంగట్నుంచి మలుపుతా" అన్నడు. పట్టుకున్న. ఆ ఒక్క నిమిషం రెండున్నర గంటలు నడిచింది, అది ఆ పెద్దాయన తప్పు, దాని లెక్క ఆయనతోటి తర్వాత చూసుకుంట. ఈ ఉత్తరం మీ గురించే.

బర్రె గుంజింది. గుంజుతది, అది దాని హక్కు. నేను పట్టిన. నడుమ మీరేం చేసిర్రు? సబ్బు రాసుకున్నట్టు నా అరచేతుల నుంచి సర్రున జారిర్రు. జారేటోళ్లు ఊకె జారొచ్చు కద, తోలు గూడ ఎంబడి తీస్కపోవుడెందుకు? కుడిచేతికి నాలుగు బొబ్బలు, ఎడమచేతికి రెండు. మా తాత పుంటికట్టెలు చెరువుల నానబెట్టి, నార తీసి, తొడ మీద పేనేటోడు. ఆ తలుగు గరుకుగ ఉంటుండె, గుచ్చుకుంటుండె, కానీ ముడేస్తే పట్టుకుంటుండె, తడిస్తే ఇంకా బిగుసుకుంటుండె. మీకు ముడి అంటే చుట్టపుచూపు. వచ్చినట్టే వస్తరు, గుంజంగనే సెలవు తీసుకుంటరు. ఎండల నాల్గు నెలలుంటే పొట్టు పొట్టు రాలుతరని గూడ విన్న, ఆ భాగ్యం మాకు ఎప్పుడో.

మిగతావాళ్లను ఒక్కొక్క మాటతోటి వదిలేస్త. బర్రె చెవికి పసుప్పచ్చ బిళ్ల ఉంది, దాని మీద పన్నెండంకెలు, అచ్చం మన ఆధార్ లెక్క, అయినా అది ఎవ్వరి మాట వినలే. కారు ఆపి వీడియో తీసిన అన్న, నీ ఫోన్ స్టాండు గట్టిదే, ఆ చేత్తోటి ఒక కట్టె పట్టుకునుంటే పుణ్యముండు. ఇంటికి ఫోన్ చేసి చేతులు కాలినయి అంటే మా ఆమె "1962కి కొట్టు, పశువుల అంబులెన్స్ వస్తది" అన్నది. పేషెంటు నేనని చెప్పిన. తెలుసన్నది.

ఇగ బర్రె పల్లిచేన్ల పడ్డది. చేను గలాయన కట్టె పట్టుకోని వచ్చి, బర్రె ఎవ్వరిదని అడగకుంట నన్నే తిట్టుడు పెట్టిండు, ఎందుకంటే మీ కొస నా చేతుల ఉంది కద. "బందెలదొడ్డికి తోలిస్తా" అన్నడు. బర్రెనా, నన్నా అన్నది చెప్పలే. పశువు చేన్ల పడితే ఏం చెయ్యాల్నో 1871లనే ఇంగ్లీషోడు చట్టం రాసిండు, మీలాంటి తాడు అమ్మినోన్ని ఏం చెయ్యాల్నో ఇప్పటిదాంక ఎవ్వడూ రాయలే. "కాకా, అమ్మినోని పాత తలుగే తెచ్చుకోకపోయినవా" అంటే "ఇయ్యలే బిడ్డా, ఇస్తే ఇంటి లక్ష్మి పోతదన్నడు" అన్నడు పెద్దాయన. వాని లక్ష్మి వానికాడ పదిలం. నా మటన్ పోయింది.

చేన్లకెళ్లి బర్రె కాలువల దిగింది. ఎండపూట నీళ్లు దొరికినంక బర్రెను బయటికి రమ్మనే మొగోడు పుట్టలే. గొంతుదాంక మునిగి, కండ్లు సగం మూసి మా ముగ్గుర్ని చూసింది. అప్పుడు బయటపడ్డది నీ బండారం. అవ్, నువ్వే, ఇగ మీరు లేదు గీరు లేదు! నైలాన్ అయితే నీళ్లల్ల మునుగుతది. నువ్వు తేలినవ్! నువ్వు నైలాన్ గూడ కాదురా, బిందెలు, కుర్చీలు చేసే ప్లాస్టిక్‌వి, ఆఖరికి పేరు గూడ దొంగపేరు, ఆ దొంగపేరు నమ్మి నా చేతులు ఇచ్చిన!

కానీ తేలినవ్ కాబట్టే నీ కొస ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మునిగేదుంటే ఆ బురదల ఎవడు దేవులాడాలె. చేను గలాయననే కట్టెతోటి నిన్ను దగ్గరికి లాగిండు, తిట్టుకుంటనే మోటరు కొట్టంల నుంచి పాత నారతాడు తెచ్చి బర్రె మెడకేసిండు, ముగ్గురం గుంజినం. అది మాత్రం జారలే.

పోయేటప్పుడు పెద్దాయన నిన్ను చుట్టచుట్టి నా బండికి తగిలిచ్చిండు. "దండెంకు పనికొస్తది బిడ్డా" అన్నడు.

కట్టిన. లుంగీ ఆరేసిన. ఇయ్యాల పొద్దుగాల లేచి చూస్తే లుంగీ పక్కింటోళ్ల జామచెట్టు మీద ఉంది, నువ్వు కింద చల్లగ పండుకోని ఉన్నవ్.