సూపర్‌చార్జర్ లేని ఎలీజ్ సగం కారేమీ కాదు

ఒకే ఫార్వర్డ్ ఈ మధ్య మూడు దారుల్లో నా ఫోనుకు చేరింది. చివరిది డెన్వర్‌లో ఉండే మా బావమరిది పంపాడు, "బావా, ఇది నిజమేనా?" అని ఒక్క లైను జోడించి. వాడు పాత లోటస్ ఎలీజ్ కోసం వెతుకుతున్నాడు, అది బ్రిటిష్ కంపెనీ లోటస్ చేసిన తేలికపాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఫార్వర్డ్ సారాంశం ఇది: "ఎలీజ్ కొంటే సూపర్‌చార్జర్ ఉన్నదే కొనండి, లేనిది సగం కారు." కింద ఆరు కారణాలు. సూపర్‌చార్జర్ అంటే ఇంజిన్‌లోకి గాలిని నొక్కి తోసే పంపు. ముందే చెప్పేస్తున్నాను, నా దగ్గర ఉన్నది ఆ 'సగం కారే'. నాకు పక్షపాతం ఉందనుకునేవాళ్లు ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

ఏ కార్ల గురించో ముందు తేల్చుకుందాం. అమెరికాలో 2004 నుంచి అమ్మిన ఎలీజ్‌లో ఉన్నది టయోటా 1.8 లీటర్ల 2జెడ్‌జెడ్ ఇంజిన్. గాలిని తనంతట తానే పీల్చుకుంటుంది, 189 హార్స్‌పవర్. 2008లో అదే ఇంజిన్‌కు సూపర్‌చార్జర్ బిగించి ఎలీజ్ ఎస్‌సీ పేరుతో తెచ్చారు, 218 హార్స్‌పవర్. గొడవంతా ఈ రెండింటి మధ్యే.

"శక్తిలో పోలికే లేదు" అన్నది మొదటి కారణం. పోలిక ఉంది, చేసి చూద్దాం. మామూలుది సుమారు 860 కిలోలు, ఎస్‌సీ సుమారు 870. శక్తిలో తేడా 15 శాతం. సున్నా నుంచి గంటకు 60 మైళ్లకు చేరడంలో, కంపెనీ లెక్కల ప్రకారమే, తేడా అర సెకను అటూఇటూ. అది తక్కువేమీ కాదు. ట్రాక్ మీద పక్కపక్కన వదిలితే ఎస్‌సీ ముందుకెళ్తుంది, ఒప్పుకుంటాను. కానీ సగం కారుకు, నిండు కారుకు మధ్య ఉండాల్సిన తేడా మాత్రం ఇది కాదు.

రెండో కారణంలో కొంత నిజముంది. "ఎస్‌సీని పిండి నడపక్కర్లేదు, కింది నుంచే లాగుతుంది" అని రాశాడు. మామూలు 2జెడ్‌జెడ్ స్వభావం తెలిస్తేనే ఈ మాట బరువు అర్థమవుతుంది. ఆ ఇంజిన్‌లో కవాటాలను తెరిచే క్యామ్‌లు రెండు రకాలు. 6200 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాకా బుద్ధిగా ఉండే క్యామ్ పనిచేస్తుంది. అది దాటగానే రెండోది అందుకుంటుంది, ఇంజిన్ గొంతే మారిపోతుంది. గరిష్ఠ టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 181 న్యూటన్ మీటర్లు, అదీ 6800 దగ్గర. అంటే ఆఫీసు నుంచి ఇంటికొచ్చే దారిలో ఆ ఇంజిన్ అసలు రూపం కనబడే అవకాశమే తక్కువ. మూడో గేర్‌లో 3000 దగ్గర తొక్కితే సాదాసీదా చిన్న కారులాగే కదులుతుంది. ఎస్‌సీలో టార్క్ 212కు పెరిగింది, పైగా 5000 దగ్గరే అందుతుంది. రోజూ నడిపేవాడికి ఆ మధ్య భాగంలో వచ్చే బలమే సూపర్‌చార్జర్ ఇచ్చే అసలు లాభం. ఎవరైనా దానికోసమే ఎస్‌సీ కొంటానంటే నేను వాదించను.

అయితే "పిండక్కర్లేదు" అనడం మాత్రం తప్పు. ఎస్‌సీ తన 218 హార్స్‌పవర్‌ను ఇచ్చేది 8000 ఆర్‌పీఎం దగ్గర. మామూలుది తన గరిష్ఠాన్ని 7800 దగ్గర ఇస్తుంది. పూర్తి శక్తి కావాలంటే ఎస్‌సీనే ఇంకాస్త ఎక్కువ తిప్పాలన్నమాట. 6200 దగ్గర క్యామ్ మారడం దానిలోనూ ఉంది. కింద బలం ముందే వచ్చేసింది కాబట్టి ఆ మలుపు అంత గట్టిగా తగలదు, అంతే. కొందరికి అదే హాయి. నాకు మాత్రం ఆ మలుపు కోసమే తెల్లవారుజామున లేచి ఖాళీ రోడ్డు వెతుక్కోవాలనిపిస్తుంది.

మూడోది మా బావమరిదిని సూటిగా తాకేది: "ఎత్తు ప్రదేశాల్లో మామూలు ఇంజిన్‌కు ఊపిరాడదు, సూపర్‌చార్జర్‌కు ఆ బాధ లేదు." డెన్వర్ సముద్రమట్టానికి 1600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం కిందకంటే ఇంచుమించు 17 శాతం తక్కువ, మామూలు ఇంజిన్ శక్తి కూడా దాదాపు అంతే తగ్గుతుంది. ఇక్కడిదాకా సరే. కానీ ఎలీజ్ సూపర్‌చార్జర్‌ను తిప్పేది ఇంజిన్ బెల్టే. పుల్లీల కొలత మారదు కాబట్టి ఇంజిన్ ఎంత తిరిగితే అది అదే నిష్పత్తిలో తిరుగుతుంది. బయటి గాలిని ఇన్ని రెట్లు చేసి లోపలికి తోయడమే దాని పని. బయటి గాలే పలచబడితే లోపలికి వెళ్లేదీ అంతే పలచబడుతుంది. ఎత్తులో నష్టాన్ని పూడ్చగలిగేది టర్బో. పొగ వేగంతో తిరిగేది కాబట్టి, కంట్రోలర్ అనుమతిస్తే, ఇంకాస్త గట్టిగా తిరిగి పీడనాన్ని సరిచేసుకుంటుంది. ఫార్వర్డ్ రాసినాయన టర్బో గుణాన్ని సూపర్‌చార్జర్‌కు అంటగట్టాడు. డెన్వర్‌లోనూ ఎస్‌సీ ముందుంటుంది, సముద్రం ఒడ్డున ఎంత ముందుండేదో దాదాపు అంతే.

నాలుగోది "ఉచితంగా వచ్చే శక్తి". ఉచితం ఎక్కడిది? బెల్టు తిప్పడానికి కావాల్సిన బలం క్రాంక్‌షాఫ్ట్ నుంచే పోతుంది. నిదానంగా వెళ్లేటప్పుడు గాలిని పక్కదారి పట్టించే వాల్వ్ ఉంది కాబట్టి హైవే మీద ఆ ఖర్చు పెద్దగా తెలియదు. గట్టిగా తొక్కినప్పుడు మాత్రం కట్టాల్సిందే. దానికి మించినది వేడి. సైకిల్‌కు గాలి కొట్టాక పంపు కొస పట్టుకుని చూడండి, చెయ్యి చురుక్కుమంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి పలచబడుతుంది. పైగా ఈ ఇంజిన్ కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందన్న లెక్క) 11.5, అది ఎక్కువే, అది ఎస్‌సీలోనూ మారలేదు. లోపలికెళ్లే గాలి మరీ వేడిగా ఉంటే ఇంధనం ముందే అంటుకునే ప్రమాదం ఉంటుంది కాబట్టి కంప్యూటర్ ఇగ్నిషన్‌ను వెనక్కి జరుపుతుంది, శక్తి జారిపోతుంది. ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉండేది ఇందుకే. ఎలీజ్ ఎస్‌సీలో అది లేదు. బరువు పెరగకూడదని, ఇంజిన్ మీద చోటు మిగలాలని లోటస్ వదిలేసింది. దాని అన్న ఎగ్జీజ్ ఎస్‌లో ఇంటర్‌కూలర్ ఉంది, సీట్ల వెనక ఉండే ఇంజిన్ మీదే కూర్చుంది. అందువల్ల లోపలి అద్దంలో చూస్తే వెనక రోడ్డు కనబడదు, ఇంటర్‌కూలరే కనబడుతుంది! ఎండాకాలం ట్రాక్ మీద వరసగా ల్యాపులు వేసే ఉద్దేశం ఉన్నవాళ్లు ఎస్‌సీ కొనేముందు ఈ సంగతి ఆలోచించాలి.

ఐదోదానికి నాకు నవ్వొచ్చింది. "బెంట్లీ బ్లోయర్ కాలం నుంచీ గెలిచింది సూపర్‌చార్జర్ కార్లే" అట. బ్లోయర్ అంటే సూపర్‌చార్జర్ బిగించిన ఆనాటి బెంట్లీ రేసు కారు. అది ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్స్ రేసును ఒక్కసారి కూడా గెలవలేదు. 1929లోనూ 1930లోనూ గెలిచింది స్పీడ్ సిక్స్, సూపర్‌చార్జర్ లేని ఆరున్నర లీటర్ల బెంట్లీ. కంపెనీ పెట్టిన డబ్ల్యూ.ఓ. బెంట్లీకి సూపర్‌చార్జర్ అంటేనే గిట్టేది కాదు. శక్తి కావాలంటే ఇంజిన్ పెద్దది చేయాలన్నది ఆయన పద్ధతి. రేసర్ టిమ్ బిర్కిన్ పట్టుబట్టి బ్లోయర్లు చేయించాడు. 1930లో బిర్కిన్ వెంటపడిన మెర్సిడెస్ కూడా సూపర్‌చార్జర్ కారే. చివరికి అదీ ఆగిపోయింది, బ్లోయర్లూ ఆగిపోయాయి, స్పీడ్ సిక్స్ గెలిచింది. ఇరవై నాలుగు గంటల రేసులో జరిగిన ఆ కథతో మన రోజువారీ కారు ఏది కొనాలో తేలదు. ఆ ఉదాహరణ తెచ్చింది మాత్రం నేను కాదు.

ఆరోది ప్రమాదకరం: "పేరులో ఎస్ ఉంటే సూపర్‌చార్జర్ ఉన్నట్టే, కళ్లు మూసుకుని కొనండి." ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లు ఇది నమ్మి డబ్బు పోగొట్టుకోగలరు. అక్కడ 2006లో వచ్చిన ఎలీజ్ ఎస్‌లో సూపర్‌చార్జర్ లేదు, 134 హార్స్‌పవరే. 2012లో అదే పేరు పెట్టి వేరే టయోటా ఇంజిన్‌తో, సూపర్‌చార్జర్‌తో తెచ్చారు, 217 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్లు. ఒకే పేరు, రెండు వేర్వేరు కార్లు. తయారైన సంవత్సరం చూడకుండా పేరు చూసి బేరమాడకండి. చిన్న తమాషా ఏమిటంటే, ఆ 134 హార్స్‌పవర్ కారు తన 172 న్యూటన్ మీటర్లను 4200 దగ్గరే ఇస్తుంది. ఊళ్లో తిరగడానికి నా 189 కంటే అదే సులువు.

సూపర్‌చార్జర్ ఉంటే ఇంజిన్ త్వరగా పోతుందని చెప్పేవాళ్లూ ఉన్నారు, వాళ్ల పక్షమూ నాది కాదు. చూసుకోవాల్సినవి బెల్టు, బేరింగు, దాని సొంత ఆయిలు, అంతే. ఎలీజ్‌లో జేబు ఖాళీ చేసేవి రెండు కార్లకూ ఒకటే: ప్లాస్టిక్ అంచులు చిట్లే రేడియేటర్, ఆయిల్ వేడెక్కకముందే 6200 దాటించిన పాత యజమాని అరగదీసిన క్యామ్‌లు, అన్నిటికంటే ముందు క్లామ్. ముందు భాగమంతా ఒకే ఫైబర్‌గ్లాస్ ముక్క. రేడియేటర్ మార్చాలన్నా దాన్ని ఊడదీయాలి, పార్కింగ్‌లో చిన్న దెబ్బ తగిలినా బిల్లు పెద్దదే వస్తుంది.

మా వాడు వచ్చే శనివారం రెండు కార్లు చూడబోతున్నాడు, ఒకటి ఎస్‌సీ, ఒకటి మామూలుది. వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని అమ్మేవాళ్లకు ముందే ఫోన్ చేసి చెప్పమన్నాను. బానెట్ సంగతి తర్వాత, ముందు మోకాళ్ల మీద కూర్చుని క్లామ్ అంచుల కింద టార్చ్ వేసి పగుళ్లు వెతకమన్నాను.