ఇష్టం కాదు, గంటలు
అమ్మానాన్నల జబ్బు చూస్తూ పెరిగిన పిల్లలు సహజంగానే వైద్యం, నర్సింగ్ వైపు వెళ్తారని ఒక వ్యాసంలో చదివాను. ఆ మాట సగమే నిజం. అలాంటి పిల్లల్లో చాలామంది కోర్సును నిర్ణయించేది ఇష్టం కాదు, అమ్మానాన్నల్ని చూసుకోగా చేతిలో మిగిలే గంటలు. కిడ్నీలు పనిచేయనివాళ్లకు మిషను మీద రక్తం శుభ్రం చేసే డయాలసిస్ సంగతే చూడండి: సాధారణంగా వారానికి 3 సార్లు, ఒక్కోసారి దాదాపు 4 గంటలు. రానుపోను ప్రయాణం, ఆ తర్వాత పేషెంటు నీరసం కలిపితే రోజు గడిచిపోయినట్టే. థియరీ క్లాసు పోతే నోట్సు తెచ్చుకుని చదువుకోవచ్చు, ల్యాబ్ పోతే ఎవరి దగ్గర తెచ్చుకుంటారు? అందుకే సైన్సు వదిలేసి ఇంటికి దగ్గర్లో దొరికినదాంట్లో చేరిపోతారు. దాన్ని ‘ఆసక్తి మారింది’ అని రాసేస్తే ఎలా? డయాలసిస్ స్లాటు ఖరారు కాగానే డాక్టరు సర్టిఫికెట్ జతచేసి, ల్యాబ్ బ్యాచ్ మార్చమని కాలేజీకి అర్జీ పెట్టాలి. హాజరు పడిపోయాక అడిగితే అదే కారణం సాకులా వినిపిస్తుంది.